కొండవాలు మీది సెన్సర్ మాట గేట్‌వే దాకా చేరేదెలా?

[తెర మీద: వానలో తడుస్తున్న కొండవాలు. గొట్టం మీద బిగించిన చిన్న పెట్టె, పైకి యాంటెన్నా.]

నమస్కారం. కేరళలోని మున్నార్ దగ్గర ఆంథోనియార్ కాలనీలో 2005లో కొండచరియలు విరిగిపడ్డాయి. ఆ తర్వాత అమృత విశ్వవిద్యాపీఠం పరిశోధకులు ఆ వాలులో లోతుగా బోర్లు వేసి సెన్సర్లు దించారు. మట్టిలో నీటి ఒత్తిడి ఎంత పెరిగింది, నేల ఎంత ఒరిగింది అని అవి కొలుస్తాయి. 2009 జూలై వానల్లో ఆ రీడింగుల ఆధారంగానే జనాన్ని హెచ్చరించారు.

సెన్సర్ కొలిచిందంటే పని సగమే అయినట్టు. ఆ అంకె వానలో, చెట్ల మధ్య నుంచి, సెన్సర్ల డేటా అంతా పోగుచేసే పెట్టె అయిన గేట్‌వేకి చేరాలి. అక్కడి నుంచి శాటిలైట్ లింకు మీద అమృతపురి క్యాంపస్‌కి వెళ్లాలి. ఈ దారిలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది మొదటి ముక్క, అంటే నోడ్ (సెన్సర్, రేడియో ఉన్న పెట్టె) నుంచి గేట్‌వే దాకా ఉన్న దారి.

[తెర మీద: బోర్డు మీద వాలు బొమ్మ. పైన 7వ నోడ్, మధ్యలో 4వ నోడ్, కింద గేట్‌వే.]

ఇలాంటి వాలునే ఒకటి గీసుకుందాం. 7వ నోడ్ బ్యాటరీ మీద నడుస్తోంది. గేట్‌వేకి నేరుగా పంపితే రెండు ప్యాకెట్లలో (డేటా ముక్కల్లో) ఒకటే చేరుతోంది. "అందింది" అని తిరిగొచ్చే జవాబు, అంటే అక్‌, కూడా సగం సార్లే వస్తోంది. సగంలో సగం పావు వంతు. అంటే ఒక్క ప్యాకెట్ ఖాయంగా చేరిందని తెలియాలంటే సగటున 4 సార్లు పంపాలి.

అదే 4వ నోడ్ మీదుగా పంపితే రెండు హాప్‌లు, అంటే రెండు అంచెలు. ఒక్కో హాప్‌లో పదికి తొమ్మిది చేరుతున్నాయి, అక్‌లూ అంతే. ఒక్కో హాప్‌కి సుమారు 1.23 సార్లు, రెండూ కలిపి 2.5 లోపే. చుట్టుదారే నయం! ఈ లెక్కనే ఈటీఎక్స్ అంటారు. ఇలాంటి నెట్‌వర్క్‌ల కోసం 2012లో ప్రమాణంగా వచ్చిన రూటింగ్ పద్ధతి ఆర్‌పీఎల్ కూడా దారి ఎంచుకోవడానికి దీన్ని వాడుకోగలదు.

ఇప్పుడు అసలు చిక్కు. 7 నుంచి 4 దాకా లింకు ఎలా ఉందో 7వ నోడ్ తనంతట తానే కొలుచుకోగలదు. 4 నుంచి గేట్‌వే దాకా ఎలా ఉందో మాత్రం 4 చెప్పిందే నమ్మాలి. మరి ఎవరో వాలెక్కి 4వ నోడ్‌ని విప్పి, లోపలి ప్రోగ్రామ్ మార్చేస్తే? "గేట్‌వేకి నాదే దగ్గరి దారి" అని అది అబద్ధం చెబుతుంది. చుట్టుపక్కల నోడ్‌లన్నీ దానికే డేటా ఇస్తాయి. దీని పేరు సింక్‌హోల్ దాడి. 2003లోనే కార్లాఫ్, వాగ్నర్ అనే పరిశోధకులు దీన్ని వివరంగా విశ్లేషించారు.

డేటాకి రహస్య కీతో తాళం వేసే ఎన్‌క్రిప్షన్ ఉంది కదా అంటారా? కీ లేని బయటివాణ్ని అది ఆపుతుంది. 4వ నోడ్ దగ్గర కీ ఉంది. పైగా అది ప్యాకెట్ తీసుకుని, అక్‌ పంపి, తర్వాత పారేస్తుంది. 7వ నోడ్ లెక్కలో లింకు చక్కగా ఉన్నట్టే. "అందింది" అనే మాటకి "ముందుకు పంపాను" అని అర్థం కాదు మరి.

[తెర మీద: గేట్‌వే దగ్గర చిట్టా. 7వ నోడ్ నుంచి: 211, 212, 215, 219.]

దీన్ని పట్టుకునేది గేట్‌వేనే. 7వ నోడ్ తన ప్రతి ప్యాకెట్‌కి వరుస నంబర్ వేసి, తనకీ గేట్‌వేకీ మాత్రమే తెలిసిన కీతో ముద్ర వేస్తుంది. 4 దాన్ని మార్చడం కుదరదు, మధ్యలో పారేస్తే నంబర్లలో ఖాళీ కనబడుతుంది. ముద్ర ఊరికే రాదు. ఇలాంటి చిన్న నోడ్‌లు వాడే 802.15.4 రేడియో ప్రమాణంలో ఒక్కసారి పంపే ఫ్రేమ్ మొత్తమే 127 బైట్లు. అందులో కొన్ని బైట్లు దీనికే పోతాయి, బ్యాటరీ కూడా ఖర్చవుతుంది. కొండచరియల హెచ్చరిక లాంటి చోట ఆ ఖర్చు పెట్టాల్సిందేనని నా అభిప్రాయం.

మరి వాన వల్ల పోయిన ప్యాకెట్‌నీ, ఎవరో పారేసిన ప్యాకెట్‌నీ వేరు చేసేదెలా? వాన వల్ల అయితే అక్‌లు కూడా తగ్గుతాయి. అక్‌లు బాగున్నా గేట్‌వే దగ్గర ఖాళీలు వస్తుంటే, ఆ ఖాళీలున్న నోడ్‌లన్నీ 4 మీదుగానే పంపుతుంటే, అనుమానం 4 మీదే. ఒక్కోసారి పాపం దాని మెమరీ నిండిపోయి కూడా ప్యాకెట్లు జారిపోవచ్చు. ఏదైనా ముందు చేసే పని ఒకటే. ఆ నోడ్‌లకి వేరే దారి చూపాలి, ముఖ్యమైన రీడింగుల్ని రెండు దారుల్లో పంపించాలి. వాన తెరిపివ్వగానే ఒక మనిషి వాలెక్కి 4వ నోడ్ పెట్టె విప్పి చూడాలి.