చెంబుకి అటువైపు

అందరికీ నమస్కారం. సార్లకి, మేడమ్‌లకి, ముందు వరసలో కూర్చున్న పెద్దలకి, వెనక వరసలో ఫోన్లు చూసుకుంటున్న తమ్ముళ్ళకి కూడా. ఇంటర్ ఈ కాలేజీలోనే చదివాను, ఎంపీసీ, అదిగో ఆ కిటికీ పక్క బెంచీ. ఇప్పుడు డిజైన్ కోర్సులో మూడో సంవత్సరం. బొమ్మలు గీయడం, త్రీడీ డిజైన్ నేర్చుకోవడం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. ఇంతకుముందు మైకు ముందు నిలబడింది ఒక్కసారే, అదీ ప్రార్థన గీతానికి, కాబట్టి కొంచెం టెన్షన్‌గానే ఉంది.

ముందు ఒక పని. ఈ బల్ల మీద ఉన్నది మా అమ్మమ్మ ఇత్తడి చెంబు. మీ అందరికీ తెల్ల కాగితాలు ఇచ్చారు కదా, నేను మాట్లాడుతున్నంతసేపూ దీన్ని గీస్తూ ఉండండి. ఎవరు కూర్చున్న చోటి నుంచి వాళ్ళే గీయాలి, లేచి రాకూడదు, ముట్టుకోకూడదు. రబ్బరు వాడొద్దు.

నా సంగతి చెప్తాను. పదో తరగతి దాకా మా వీధిలో నేనే ఆర్టిస్టుని. ఏం గీసేదాన్ని? రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కొండల్లోంచి ఒక నది, పక్కన ఒక పెంకుటిల్లు, వంగిన కొబ్బరిచెట్టు, ఆకాశంలో నాలుగు పక్షులు. నవ్వకండి, మీరూ అదే గీశారు. కింద అందంగా ‘సూర్యోదయం’ అని రాసేదాన్ని. మన అనకాపల్లిలో సూర్యుడు సముద్రం వైపు నుంచి లేస్తాడు, పెద్ద కొండల వరసంతా పడమటి వైపు ఉంది. అంటే పదేళ్ళపాటు నేను గీసింది సూర్యాస్తమయం! మేడ ఎక్కి ఒక్క పొద్దున్న చూసుంటే తెలిసేది, ఎక్కలేదు.

ఆ తర్వాత డిజైన్ ఎంట్రన్స్ కోసం ఒక కోచింగ్‌లో చేరాను, పేరొద్దు. అక్కడ రైల్వే స్టేషన్, సంత, బస్టాప్, వానలో గొడుగులు, ఇలా ఓ పన్నెండు సీన్లు బట్టీ పట్టించారు. ఏ ప్రశ్న వచ్చినా అందులో ఒకదాన్ని కాస్త మార్చి దింపేయడమే. ఎక్కాలు బట్టీ పట్టినవాళ్ళని చూశారు గానీ గొడుగులు బట్టీ పట్టినవాళ్ళని చూశారా? నేను పట్టాను. పైగా సీటు కూడా వచ్చింది, దాంతో నాకు గీయడం వచ్చేసిందనే అనుకున్నాను.

కాలేజీలో మొదటి వారం మా డ్రాయింగ్ సార్ బల్ల మీద ఒక చెంబు పెట్టి యాభై సార్లు గీయమన్నారు. యాభై రకాల వస్తువులు కాదు, ఒకే చెంబు. పదో బొమ్మకి విసుగొచ్చింది, ఇరవయ్యో బొమ్మకి కోపం వచ్చింది. అన్నీ గోడకి అంటించాక సార్ ఏమీ అనలేదు, ఊరికే చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి నాకే కనిపించింది. అన్నిటిలో ఒకటే తప్పు. మూతి కోడిగుడ్డులా తెరుచుకుని ఉంది, అడుగు మాత్రం స్కేలుతో కొట్టిన గీత. చెంబు బల్ల మీద చదునుగా కూర్చుంటుందని నాకు తెలుసు కదా, అందుకని తెలిసింది గీసేశాను. నిజానికి గుండ్రటి అంచు ఏదైనా సరిగ్గా మన కంటి మట్టంలో ఉంటేనే గీతలా కనిపిస్తుంది, కిందికి వెళ్ళేకొద్దీ విచ్చుకుంటుంది. అంటే మూతి కన్నా అడుగే ఎక్కువ వంపు తిరగాలి. ఇంకో తప్పు, మూతి దగ్గరి ఆ కోడిగుడ్డు ఆకారాన్ని రెండు చివర్లా చేప మూతిలా మొనదేల్చాను. చెంబు మూతికి మూలలు ఎక్కడివి?

కొంతమంది కాగితం వెనక్కి తిప్పేస్తున్నారు, ఇక్కడికి కనిపిస్తోంది. తిప్పకండి, మొదటిదాని పక్కనే ఇంకోటి గీయండి. తప్పు బొమ్మ కళ్ళ ముందు ఉంటేనే రెండోది మారుతుంది.

సరే, కంటి మట్టం సూత్రం తెలిసింది. అయినా నా చెంబు గాల్లో తేలుతూనే ఉంది. వంపులు సరిగ్గానే ఉన్నాయి, బరువే లేదు. ఇక్కడే నాకు అసలు సంగతి జరిగింది. త్రీడీ క్లాసులో అదే చెంబుని అట్టతో చేయమన్నారు. అడ్డంగా ముక్కలు ముక్కలుగా కోస్తే ఎలా ఉంటుందో ఊహించి, ఒక్కో మట్టంలో ఎంత వెడల్పు ఉందో కొలిచి, అంత గుండ్రటి బిళ్ళ కోసి ఒకదాని మీద ఒకటి పేర్చాలి. ఇరవై నాలుగు బిళ్ళలు కోశాను, కటర్‌తో రెండు వేళ్ళూ కోసుకున్నాను. పొట్ట దగ్గర బిళ్ళలు ఒక్కసారిగా పెద్దవైపోతాయి, మెడ దగ్గర వరసగా మూడు దాదాపు ఒకటే కొలత, ఇదంతా చెయ్యికి తెలిసిపోయింది. ఆ రాత్రి హాస్టల్లో ఊరికే పెన్సిల్ పట్టుకుని చెంబు గీస్తే అది కూర్చుంది. కాగితం మీద బరువుగా కూర్చుంది. నాకు గీయడం నేర్పింది పెన్సిల్ కన్నా ఎక్కువ ఆ కటరే అని నేనంటే మా క్లాసులో సగం మంది ఒప్పుకోరు, మిగతా సగం నాలాగే వేళ్ళు కోసుకున్నవాళ్ళు.

తర్వాతి పని ఇంకా ఘోరం. ఒకే కాగితాన్ని కోయకుండా, అతికించకుండా, బంతి లాంటి ఉబ్బుకి తొడగాలి. రెండు రోజులు కుస్తీ పట్టాను, ఎక్కడో ఒకచోట ముడతలే. ఇంటికి ఫోన్ చేసి అమ్మకి చెప్పుకుని ఏడ్చాను. మా అమ్మ జాకెట్లు కుడుతుందని మీలో చాలామందికి తెలుసు, మీ ఇళ్ళలోవి కూడా కుట్టే ఉంటుంది. ‘పిచ్చిదానా, ఊరికే తొడిగితే గుడ్డయినా కూర్చోదే, డాట్ వెయ్యాలి’ అంది. అంతే. బల్లపరుపు గుడ్డలో ఒక త్రికోణం ముక్క మడిచి లోపలికి కుట్టేస్తే అక్కడ ఉబ్బు వస్తుంది. గుండ్రటి కాగితంలోంచి ఒక ముక్క తగ్గించి అంచులు కలిపితే శంకువులా లేస్తుంది, అదీ అదే. బంతి ఉపరితలాన్ని సాగదీయకుండా, చింపకుండా చదును చేయడం కుదరదని గాస్ అనే జర్మన్ గణితవేత్త 1827లో రుజువు చేశాడు. ప్రపంచపటంలో గ్రీన్‌లాండ్ అంత పెద్దగా కనిపించడానికి మూలం కూడా అదే. మా సార్ కావాలనే కుదరని పని ఇచ్చారట, ఎక్కడ కుదరదో మాకు చేతులతో తెలియాలని. మా అమ్మ ఏడో తరగతితో చదువు ఆపేసింది. పాత కొలత జాకెట్టు ఒకటి ఇస్తే చాలు, బల్ల మీద పరుచుకుని, సుద్దముక్కతో నాలుగు గీతలు గీసి మనిషి ఒళ్ళంతా అందులో ఇమిడ్చేస్తుంది. ఇంట్లో ఇంత పెద్ద త్రీడీ డిజైనర్ ఉండగా నేను కోచింగ్‌కి ఫీజు కట్టాను.

కూలిపోయిన స్టూలు సంగతి కూడా చెప్పాలి, మా జూనియర్లకి ఇప్పటికీ అదే నా గుర్తింపు. ఫెవికాల్ లేకుండా, టేపు లేకుండా, గాట్లు పెట్టి ఒకదానిలో ఒకటి దూర్చిన అట్టలతో మనిషి కూర్చునే స్టూలు చేయాలి. నేను ఎంత అందంగా గీశానంటే ఆ డ్రాయింగ్‌ని నోటీసు బోర్డులో పెట్టారు. స్టూలు మీద సార్ కూర్చున్నారు, మరుక్షణం నేల మీద ఉన్నారు. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె అంచు ఎప్పుడైనా చూశారా, రెండు కాగితాల మధ్య అలల్లాంటి కాగితం ఉంటుంది. ఆ అలల గొట్టాలు నిలువుగా నిలబడితే స్తంభాల వరస, మనిషి బరువైనా మోస్తుంది. అడ్డంగా పడుకుంటే మడత దుప్పటి. నేను అట్ట ఆదా అవుతుందని కాళ్ళ ముక్కల్ని అడ్డంగా కోశాను. నా అందమైన డ్రాయింగ్‌లో అలలు ఎటు ఉండాలో చెప్పే గీత ఒక్కటీ లేదు, నాకూ తట్టలేదు. ఇప్పుడు ఏ కాగితం మీదైనా ముందు చిన్న బాణం గుర్తు వేస్తాను, పొర ఎటు వెళ్తోందో.

ఇంకో పొరపాటు, ఇంజనీరింగ్‌కి వెళ్ళేవాళ్ళు వినండి. ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో మన దేశంలో ఫస్ట్ యాంగిల్ పద్ధతి, పైనుంచి చూసిన బొమ్మని ముందు బొమ్మకి కింద గీస్తారు, కుడి పక్క బొమ్మ ఎడమవైపుకి వస్తుంది. అమెరికా వాళ్ళది థర్డ్ యాంగిల్, అంతా తిరగబడుతుంది. మూలలో ఉండే చిన్న గుర్తు చూడకుండా అక్కడి డ్రాయింగ్ ఒకటి చదివి, పక్కన పిడి ఉన్న కూజా ఒకటి చేశాను, పిడి అటుది ఇటు వచ్చింది.

కంప్యూటర్ ఉండగా ఇదంతా ఎందుకని అడుగుతారు, మా మావయ్య రోజూ అడుగుతాడు. కంప్యూటర్ మంచిదే, నేనూ రోజూ వాడతాను. కాకపోతే తెరమీద కప్పుని ఎంత కావాలంటే అంత పెద్దగా చేసి చూడొచ్చు. అలా చూసీ చూసీ బ్రహ్మాండమైన కప్పు ఒకటి చేసి త్రీడీ ప్రింట్ తీస్తే, పిడిలో ఒక వేలు దూరింది, రెండోది దూరలేదు.

పోయిన దసరా సెలవుల్లో మన శంకరం ఊరికి వెళ్ళాను, బొజ్జన్నకొండకి. చిన్నప్పుడు పిక్నిక్‌కి వెళ్ళి పులిహోర తిని వచ్చిన చోటే. పక్కన లింగాలకొండ మీద వరసలు వరసలుగా బౌద్ధ స్తూపాలు ఉంటాయి కదా, కొన్ని ఇటుకతో కట్టినవి, కొన్ని కొండరాయినే తొలిచి తీసినవి. నాలుగో శతాబ్దం నుంచి తొమ్మిదో శతాబ్దం దాకా అక్కడ పని జరిగిందంటారు. ఇటుకైతే తప్పు పోతే పీకి మళ్ళీ పెట్టొచ్చు. రాయిలో ఒకసారి పోయిన ముక్క పోయినట్టే. ఉలి పెట్టకముందే ఆ గుండ్రం ఆ బండలో ఎక్కడుందో, అటువైపు కూడా ఎంత మిగలాలో మనసులో తిప్పి చూసుకోవాలి. మధ్యాహ్నం వెలుగులో గీస్తే అన్నీ దోసెల్లా చదునుగా వచ్చాయి. నాలుగు దాటాక పక్క నుంచి ఎండ పడింది, అప్పుడు గుండ్రం కనిపించింది. ఒక చిత్రం గమనించండి, నీడ బాగా చిక్కగా ఉండేది చిట్టచివరి అంచున కాదు, దానికి కొంచెం ముందు. అంచుకి నేల మీంచి కాస్త వెలుగు తిరిగి వచ్చి తగులుతుంది. ఈ చెంబు మీద కూడా ఉంది, ఎడమ పక్క చూడండి.

చెంబు అంటే గుర్తొచ్చింది. చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అని అమెరికన్ డిజైనర్ దంపతులు, మన ప్రభుత్వం పిలిస్తే వచ్చి దేశమంతా తిరిగి 1958లో ఒక నివేదిక ఇచ్చారు. అహ్మదాబాద్‌లో 1961లో ఎన్ఐడీ, అంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్, మొదలవడానికి అదే ఆధారం. ఈ దేశంలో తాము చూసి మెచ్చుకున్న వస్తువులన్నిటిలోకి గొప్పది, అందమైనదిగా వాళ్ళు చెప్పింది దేన్నో తెలుసా? ఈ చెంబునే, లోటా అని. దాన్ని ఎవరో ఒకరు కూర్చుని డిజైన్ చేయలేదు, తరాల తరబడి జనమే చేశారు. ఒకవేళ ఇప్పుడు మనం చేయాల్సి వస్తే ఏమేం ఆలోచించాలో జాబితా రాశారు. నెత్తి మీదా, చంకనా, చేత్తోనా ఎలా మోస్తారు, నిండుగా ఉన్నప్పుడూ ఖాళీగా ఉన్నప్పుడూ ఎలా నిలుస్తుంది, లోపల చెయ్యి పెట్టి తోమొచ్చా, ఇంకో గిన్నెకి తగిలితే ఎలా మోగుతుంది, చివరికి పాతసామాను కింద ఎంత వస్తుంది. మా ఇంట్లో ఈ చెంబు ఇన్నాళ్ళూ బాత్రూంలో ఉండేది, అది చదివాక నేనే తోమి హాల్లో పెట్టాను. అమ్మమ్మ చూసి నవ్వింది.

ఇంక టైమ్ అయిపోయిందని మేడమ్ సైగ చేస్తున్నారు. ఉద్యోగాల గురించి అడగాలనుకునే తల్లిదండ్రులు టీ దగ్గర పట్టుకోండి, జీతాలు దాచకుండా చెప్తాను. పెన్సిళ్ళు కింద పెట్టేయండి. ఇప్పుడు ఒక్కొక్కరూ కాగితం పట్టుకుని స్టేజీ మీదికి రండి, వెనక బెంచీల వాళ్ళు ముందు. బల్ల చుట్టూ తిరిగి చూడండి, చేత్తో ఎత్తి చూడండి. నావైపు ఇంత సొట్ట ఉంది, మా పెద్దమావయ్య చిన్నప్పుడు బావిలో పడేశాడట. మూతి కింద చుక్కలు చుక్కలుగా అమ్మమ్మ పేరు కొట్టించి ఉంది. జాగ్రత్త బాబూ, అందులో నీళ్ళున్నాయి.