ఎప్పటికీ ఓడిపోయేవారి కోసం ఒక ఏర్పాటు: బహుళ జాతుల దేశాలు, సమాఖ్య వ్యవస్థ

[తెర మీద: 1960ల నాటి నైజీరియా పటం. ఉత్తరం, పడమర, తూర్పు వేర్వేరు రంగుల్లో.]

1966 మే 24న నైజీరియా సైనిక ప్రభుత్వాధినేత ఇరోన్సీ 34వ నంబరు డిక్రీని జారీ చేశారు. దానితో దేశం సమాఖ్యగా ఉండడం ఆగిపోయింది. ప్రాంతాలు పోయి ప్రావిన్సుల సముదాయాలు వచ్చాయి. ప్రాంతానికొకటిగా ఉన్న ప్రభుత్వోద్యోగ వ్యవస్థలన్నీ ఒకటిగా కలవాలని నిర్ణయించారు. కాగితం మీద చూస్తే ఇది పాలనను చక్కబెట్టే సంస్కరణలాగే కనిపిస్తుంది. కానీ వారం తిరగకుండానే ఉత్తరాది పట్టణాల్లో ఇగ్బో జాతివారి మీద దాడులు మొదలయ్యాయి. జూలై 29న జరిగిన తిరుగుబాటులో ఇరోన్సీ హతమయ్యారు. ఆయన తరువాత వచ్చిన గోవాన్ ప్రభుత్వం మొదట చేసిన పనుల్లో ఒకటి, ఆ ఏర్పాటును తీసేసి సమాఖ్యను మళ్లీ నిలబెట్టడం.

పాలనా పద్ధతిని మార్చే ఒక ఉత్తర్వు మనుషుల ప్రాణాల మీదికి ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే, అనేక జాతులున్న దేశం సమాఖ్యను ఎందుకు ఎంచుకుంటుందో కూడా తెలుస్తుంది.

[తెర మీద: ఒక ఓటు పెట్టె. పక్కన రెండు అంకెలు, 60, 40.]

ప్రజాస్వామ్యంలో ఎక్కువమంది మాట చెల్లుతుంది. దీనిని ఓడినవారు కూడా ఒప్పుకోవడానికి కారణం, ఈసారి ఓడినా వచ్చేసారి గెలవవచ్చన్న ఆశ. ధరలు, పన్నులు, పనితీరు వంటి విషయాల మీద జనం అభిప్రాయం మార్చుకుంటారు కాబట్టి ఆ ఆశకు ఆధారం ఉంటుంది. కానీ ఓటు జాతిని బట్టి, మాతృభాషను బట్టి పడడం మొదలైతే లెక్క మారిపోతుంది. మనిషి పార్టీ మార్చుకున్నంత సులభంగా పుట్టుకను మార్చుకోలేడు. దేశంలో 60 శాతం ఒక జాతి, 40 శాతం మరొక జాతి అయితే, ఆ 40 శాతం ఈ ఎన్నికలోనూ ఓడిపోతారు, పదో ఎన్నికలోనూ ఓడిపోతారు. పిల్లలు ఏ భాషలో చదవాలో, ఉద్యోగాలకు ఏ పరీక్ష పెట్టాలో, భూమి మీద ఎవరికి హక్కు ఉండాలో అన్నీ ఎప్పటికీ అవతలివారే తేలుస్తారు.

సమాఖ్య ఈ ఓటమిని తీసెయ్యదు. దాని బరువును మాత్రం తగ్గిస్తుంది. దేశమంతటికీ కలిపి తేల్చవలసిన సైన్యం, నాణెం, విదేశాంగం వంటివి కేంద్రం దగ్గర ఉంచి, బడి, భాష, స్థానిక ఉద్యోగాలు, భూమి వంటి ఇంటికి దగ్గరి విషయాలను ప్రాంతాలకు ఇస్తుంది. కేంద్రంలో ఓడినవారు తమ ప్రాంతంలో గెలిచి పాలిస్తారు. సమాఖ్యను వైవిధ్యానికి జరిపే ఉత్సవంగా చాలా పాఠ్యపుస్తకాలు వర్ణిస్తాయి. నాకు మాత్రం అది పరస్పర భయాన్ని అదుపులో ఉంచే ఒప్పందంగానే కనిపిస్తుంది. అలా అనడం వల్ల దాని విలువేమీ తగ్గదు.

ఇప్పుడు 1966కు తిరిగి వెళదాం. ఆ ఏడాది జనవరి 15న జరిగిన మొదటి తిరుగుబాటులో ప్రధానమంత్రి బలేవా, ఉత్తర ప్రాంత ప్రధాని అహ్మదు బెల్లో హతమయ్యారు. ఆ కుట్రలోని సైనికాధికారుల్లో ఎక్కువమంది ఇగ్బోలు. ఇరోన్సీ ఆ కుట్రలో లేరు, పైగా దానిని అణచివేశారు. అయితే ఆయన కూడా ఇగ్బోయే కావడంతో ఉత్తరాదివారికి అనుమానం పోలేదు. పాశ్చాత్య విద్య దక్షిణాదిలో ముందుగా విస్తరించింది. ఉద్యోగ వ్యవస్థలన్నీ ఒకటైతే తమ కార్యాలయాల్లో కూడా దక్షిణాదివారే కూర్చుంటారని ఉత్తరాది విద్యావంతులు భయపడ్డారు. అప్పటిదాకా ఆ భయానికి అడ్డుగా ఉన్న గోడ ప్రాంతీయ ప్రభుత్వమే. డిక్రీ ఆ గోడను ఒక్క సంతకంతో పడగొట్టింది.

[తెర మీద: రెండు పత్రాలు. ఒకదాని మీద ‘చట్టం’, రెండోదాని మీద ‘రాజ్యాంగం’.]

అధికార వికేంద్రీకరణకూ సమాఖ్యకూ ఉన్న తేడా ఇక్కడే ఉంది. ఏకకేంద్ర రాజ్యం కూడా జిల్లాలకూ ప్రావిన్సులకూ ఎన్నో అధికారాలు ఇవ్వవచ్చు. అయితే ఇచ్చిన చెయ్యే వాటిని వెనక్కి తీసుకోగలదు. సమాఖ్యలో ప్రాంతాల అధికారాలు రాజ్యాంగం నుంచి వస్తాయి, కేంద్రం ఒంటరిగా వాటిని రద్దు చేయలేదు. రాజ్యాంగ సవరణకు ప్రాంతాల సమ్మతి, ప్రాంతాలకు ప్రాతినిధ్యమిచ్చే ఎగువ సభ, తగవు తీర్చే న్యాయస్థానం, ఈ మూడూ లేకపోతే సమాఖ్య అన్న మాట పేరుకే మిగులుతుంది.

ఎరిట్రియా విషయంలో అదే జరిగింది. ఐక్యరాజ్యసమితి తీర్మానం ప్రకారం 1952లో ఎరిట్రియా సొంత శాసనసభతో ఇథియోపియాతో సమాఖ్యగా కలిసింది. చక్రవర్తి హైలే సెలాసీ ఆ స్వయంప్రతిపత్తిని కొంచెం కొంచెంగా కోసి, 1962లో సమాఖ్యను రద్దు చేసి, ఎరిట్రియాను మామూలు ప్రావిన్సుగా కలుపుకున్నారు. 1961లోనే మొదలైన సాయుధ పోరాటం 30 ఏళ్లు సాగింది. 1993లో ఎరిట్రియా విడి దేశమయింది.

సమాఖ్య ఇస్తే దేశం విడిపోతుందన్న వాదన తరచూ వినిపిస్తుంది. శ్రీలంక చరిత్ర చదివితే ఆ వాదన తలకిందులవుతుంది. 1949లో చెల్వనాయగం నాయకత్వంలో ఏర్పడిన తమిళుల పార్టీ అడిగింది సమాఖ్యనే. 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అన్న చట్టం వచ్చింది. 1957లో ప్రధాని బండారనాయకే ప్రాంతీయ మండళ్ల ఏర్పాటుకు చెల్వనాయగంతో ఒప్పందం చేసుకున్నారు. బౌద్ధ భిక్షువుల నిరసనతో మరుసటి ఏడాదే దానిని రద్దు చేసుకున్నారు. 1976 నాటికి అదే చెల్వనాయగం సారథ్యంలోని తమిళ కూటమి ప్రత్యేక దేశం కావాలని తీర్మానించింది. 1983 నుంచి 2009 దాకా అంతర్యుద్ధం సాగింది. సమాఖ్య ఇచ్చి ఉంటే యుద్ధం తప్పకుండా ఆగేదని ఎవరూ ప్రమాణం చేయలేరు. అయితే వేర్పాటు కోరిక సమాఖ్య నిరాకరణకు ముందు రాలేదు, తరువాత వచ్చింది. ఈ వరుస గమనించదగినది.

ఎదుటి పక్షానికీ గట్టి ఉదాహరణలున్నాయి. యుగోస్లావియా, సోవియట్ యూనియన్, చెకొస్లోవేకియా మూడూ సమాఖ్యలే, మూడూ 1991, 1992 నాటికి విచ్ఛిన్నమయ్యాయి. కానీ అక్కడ దేశాన్ని అసలు కలిపి ఉంచినది రాజ్యాంగం కాదు, ఒకే పార్టీ పాలన. పార్టీ పట్టు సడలగానే, ఎన్నడూ బేరసారాలకు అలవాటుపడని రిపబ్లిక్కులు ఒకదానినొకటి తేరిపార చూసుకున్నాయి.

[తెర మీద: పటం మారుతుంది. రెండు ముక్కలు, తరువాత మూడు, తరువాత 12.]

అసలు చిక్కు గీతలు గీయడంలో ఉంది. రెండే భాగాలున్న సమాఖ్య దాదాపు ఎప్పుడూ కలిసిరాలేదు. చెక్, స్లోవాక్ రిపబ్లిక్కులుగా ఉన్న చెకొస్లోవేకియా రెండయింది. తూర్పు, పశ్చిమ భాగాలుగా ఉన్న పాకిస్తాన్ 1971లో చీలింది. పశ్చిమ ప్రావిన్సులన్నింటినీ 1955లో ఒకే యూనిట్‌గా కలిపినది, జనాభా ఎక్కువున్న తూర్పుకు సరిసమానంగా తూగడానికే. ఆఖరికి 1970 ఎన్నికల్లో 300 సాధారణ స్థానాలకు తూర్పు భాగపు పార్టీ అయిన అవామీ లీగ్ 160 గెలిచినా దానికి అధికారం అప్పగించలేదు. ఇద్దరే ఉన్నచోట ఒకరి లాభం ప్రతిసారీ రెండోవారి నష్టంగానే కనిపిస్తుంది. మధ్యవర్తిగా నిలబడే మూడోవాడు ఉండడు.

నైజీరియాలో మొదట ఉన్నవి మూడు ప్రాంతాలే. ఉత్తర ప్రాంతం ఒక్కటే మిగిలిన రెండింటికన్నా పెద్దది. హౌసా ఫులానీ, యోరుబా, ఇగ్బో జాతులకు ఒక్కో ప్రాంతం దక్కగా, ఆ మూడింటిలోనూ ఉన్న వందల చిన్న జాతులు పెద్దల ఇంట్లో అద్దెకున్నవారిలా మిగిలిపోయాయి. 1967 మే 27న గోవాన్ దేశాన్ని 12 రాష్ట్రాలుగా విభజించారు. మూడు రోజులకే తూర్పు ప్రాంతం బియాఫ్రా పేరుతో స్వాతంత్ర్యం ప్రకటించుకుంది, 1970 జనవరి దాకా యుద్ధం నడిచింది. కాబట్టి ఆ విభజన యుద్ధాన్ని ఆపలేదు. పైగా తూర్పులోని చమురు ప్రాంతాలను ఇగ్బోల నుంచి వేరు చేయడం అందులో ఒక ఎత్తుగడ కూడా. యుద్ధం తరువాత మాత్రం ఆ గీతలు నిలిచాయి. 1976లో 19 రాష్ట్రాలు, 1996 నాటికి 36 అయ్యాయి. ఒకే జాతి అనేక రాష్ట్రాలుగా విడిపోవడంతో యోరుబా రాష్ట్రం మరో యోరుబా రాష్ట్రంతో నిధుల కోసం పోటీ పడడం మొదలైంది. తగవు జాతుల మధ్య నుంచి రాష్ట్రాల మధ్యకు కొంత జరిగింది.

దీనితోపాటు 1979 రాజ్యాంగం ఒక తెలివైన నియమం పెట్టింది. అధ్యక్షుడు కావాలంటే దేశంలో ఎక్కువ ఓట్లు వస్తే చాలదు, మూడింట రెండు వంతుల రాష్ట్రాల్లో కనీసం 25 శాతం చొప్పున రావాలి. ఒక్క జాతి ఓట్లతో ఇది ఎవరికీ సాధ్యం కాదు. 19 రాష్ట్రాల్లో మూడింట రెండు వంతులంటే పన్నెండా, పదమూడా, లేక పన్నెండూ మూడింట రెండా అని ఆ ఏడాదే సుప్రీంకోర్టుదాకా వెళ్లారు. కోర్టు పన్నెండూ మూడింట రెండు వైపు మొగ్గడంతో అభ్యర్థి షగారీ అధ్యక్షుడయ్యారు. భిన్నాంకాల మీద ఒక దేశపు అధ్యక్ష పదవి తేలడం విచిత్రమే, కానీ తుపాకులతో తేలడం కన్నా ఎంతో మేలు.

నిధుల సంగతి సరిహద్దుల కన్నా ఎక్కువ పోరు తెచ్చింది. స్వాతంత్ర్యం నాటి రాజ్యాంగం ఖనిజ రాబడిలో సగం అది పుట్టిన ప్రాంతానికే ఇచ్చింది. సైనిక ప్రభుత్వాలు దానిని కోసుకుంటూ పోయాయి. 1999 రాజ్యాంగంలో అది కనీసం 13 శాతం దగ్గర ఆగింది. చమురు పుట్టే నైజర్ నది డెల్టాలోని చిన్న జాతుల అసంతృప్తి ఇప్పటికీ ఈ అంకె చుట్టూనే తిరుగుతుంది.

[తెర మీద: ఇథియోపియా, ఆ తరువాత బ్రస్సెల్స్ నగర పటం.]

గీతలను సరిగ్గా జాతుల మేరకే గీస్తే సరిపోదా అన్న ప్రశ్నకు ఇథియోపియా జవాబు. 1995 రాజ్యాంగం జాతులను బట్టి రాష్ట్రాలను ఏర్పరచి, 39వ అధికరణంలో విడిపోయే హక్కు కూడా రాసింది. సొంత భాషలో బడి, కోర్టు చాలామందికి మొదటిసారి దక్కాయి. అయితే రాష్ట్రానికి ఒక జాతి పేరు పెట్టగానే, తరాలుగా అక్కడే బతుకుతున్న ఇతరులు పరాయివారయ్యారు. 2020 నవంబరు నుంచి రెండేళ్లపాటు, ఆ రాష్ట్రాల్లో ఒకటైన టిగ్రేలో యుద్ధం జరిగింది.

జాతులు కలిసిపోయి నివసించే నగరంలో ఏ గీతా పనిచేయదు. బెల్జియం దానికి ఒక మార్గం వెతికింది. 1993లో తనను సమాఖ్యగా ప్రకటించుకున్న ఆ దేశంలో ఆర్థిక, స్థానిక విషయాలు భూభాగాన్ని బట్టి ప్రాంతాలకూ, విద్య, సంస్కృతి భాషను బట్టి సముదాయాలకూ చెందుతాయి. బ్రస్సెల్స్‌లో ఒకే వీధిలోని రెండు బడులు రెండు ప్రభుత్వాల కింద ఉండవచ్చు. ఖర్చు, గందరగోళం తక్కువేమీ కాదు. 2010 ఎన్నికల తరువాత పూర్తిస్థాయి ప్రభుత్వం ఏర్పడడానికి 541 రోజులు పట్టింది.

[తెర మీద: స్విట్జర్లాండ్. బెర్న్, జురా కాంటన్లు.]

స్విట్జర్లాండ్‌లో రాష్ట్రాలను కాంటన్లంటారు. 1847లో కేథలిక్ కాంటన్లు ఒక కూటమిగా నిలబడి ఒక నెలలోపే యుద్ధంలో ఓడిపోయాయి. గెలిచినవారు 1848లో రాసిన రాజ్యాంగంలో ఓడిన చిన్న కాంటన్లకు కూడా ఎగువ సభలో పెద్దవాటితో సమానంగా స్థానాలిచ్చారు. నేటికీ 15 లక్షలకు పైగా జనమున్న జూరిక్‌కు రెండే స్థానాలు, 40 వేలైనా లేని యూరి కాంటన్‌కూ రెండే స్థానాలు. రాజ్యాంగ సవరణకు ప్రజల్లోనూ కాంటన్లలోనూ మెజారిటీ రావాలి. అక్కడ భాషా మతమూ ఒకే గీత మీద నడవకపోవడం అదృష్టం. భాషలో అవతలివాడు మతంలో మనవాడు అవుతాడు.

ఆ అదృష్టానికీ అంచులున్నాయి. ఫ్రెంచి మాట్లాడే జురాను 1815లో యూరప్ రాజ్యాల సమావేశమైన వియన్నా కాంగ్రెస్, జర్మన్ మాట్లాడే బెర్న్‌కు కట్టబెట్టింది. 1960ల్లో అక్కడ నిప్పుపెట్టడాలు, పేలుళ్లు కూడా జరిగాయి. 1974లో జురా అంతటా, మరుసటి ఏడాది జిల్లాలవారీగా, ఆ తరువాత సరిహద్దు ఊళ్లవారీగా ఓటు వేయించారు. ఉత్తరాన ఉన్న కేథలిక్ జిల్లాలు వెళ్లిపోయి 1979 జనవరి 1న కొత్త కాంటన్ అయ్యాయి. ఫ్రెంచే మాట్లాడే దక్షిణ జిల్లాలవారు ఎక్కువగా ప్రొటెస్టెంట్లు, వారు బెర్న్‌తోనే ఉండిపోయారు. మూటియే అనే చిన్న పట్టణం మాత్రం మనసు మార్చుకుంది. 2017లో జురాకు వెళ్లడానికే ఓటు వేసింది, అక్రమాలు జరిగాయని ఆ ఫలితాన్ని కొట్టేశారు. 2021లో మళ్లీ వేయిస్తే మళ్లీ అదే తీర్పు వచ్చింది. రెండు కాంటన్ల ఓటర్లూ 2024లో ఒప్పుకున్నాక, ఊరు చేతులు మారే తేదీగా 2026 జనవరి 1ని ఖరారు చేశారు.