షఫుల్‌కి తాళం వేశాకే కత్తెర పట్టండి: ప్రో టూల్స్ ఎడిట్ మోడ్‌లు, మౌస్ టూల్స్ రివ్యూ

అందరికీ నమస్కారం. చెన్నై సాలిగ్రామంలో మా మేడమీద గదిలోంచి మాట్లాడుతున్నాను, మధ్యలో కింద ఆటో హారన్లు వినిపిస్తే కాస్త సర్దుకోండి. నేను చేసేది తెలుగు డబ్బింగ్ ఎడిటింగ్. తమిళంలో తీసిన సీరియల్‌కి మన వాళ్లు తెలుగులో చెప్పిన డైలాగుల్ని ఆ నటుల పెదాలకి కూర్చోబెట్టడమే నా పని. రోజుకి ఎనిమిది గంటలు నా చెయ్యి మౌస్ మీదే ఉంటుంది కాబట్టి ఈ వీడియోలో ప్లగిన్‌ల జోలికి వెళ్లను, సౌండ్ క్వాలిటీ జోలికీ వెళ్లను. ప్రో టూల్స్ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మౌస్ ఎలా పనిచేస్తుంది, అంతే.

ఎడిట్ విండోలో పైన ఎడమ మూలన నాలుగు బటన్‌లు ఉంటాయి చూడండి. షఫుల్, స్లిప్, స్పాట్, గ్రిడ్. కీబోర్డులో ఎఫ్1 నుంచి ఎఫ్4 వరకు వరసగా ఇవే. కొత్తగా నేర్చుకునే వాళ్లు వీటిని పట్టించుకోకుండా నేరుగా పక్కనున్న టూల్స్‌కి వెళ్లిపోతారు, నేనూ అలాగే వెళ్లాను. టూల్ మీ చెయ్యి ఏం చేస్తుందో చెబుతుంది. మోడ్ మాత్రం, మీరు ఒక క్లిప్‌ని, అంటే ఒక సౌండ్ ముక్కని, ముట్టుకుంటే పక్కనున్న క్లిప్‌లకి ఏమవుతుందో చెబుతుంది. ఈ తేడా తెలియక నేను ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను.

అప్పుడు నేను ఒక స్టూడియోలో అసిస్టెంట్‌ని. ఎపిసోడ్ మొత్తం సింక్ చేసేశాను, ఉదయం ఇచ్చేయాలి. హీరోయిన్ తల్లి డైలాగుకి ముందు ఒక పెద్ద ఊపిరి ఉంది, సుమారు 400 మిల్లీసెకన్లు, దాన్ని సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టాను. ఎప్పుడు తగిలిందో తెలియదు, మోడ్ షఫుల్‌లో ఉంది. షఫుల్‌లో ఏదైనా తీసేస్తే ఆ ఖాళీ ఉండిపోదు, ఆ ట్రాక్‌లో, అంటే ఆ వరసలో, వెనకున్న క్లిప్‌లన్నీ ముందుకు జరిగి దాన్ని పూడ్చేస్తాయి. మాది 25 ఫ్రేమ్‌ల వీడియో, ఒక్కో ఫ్రేమ్ 40 మిల్లీసెకన్లు, అంటే అక్కడి నుంచి చివరి దాకా ఆ తల్లి చెప్పిన ప్రతి మాటా 10 ఫ్రేమ్‌లు ముందే వచ్చేస్తోంది. మిగతా ట్రాక్‌లు ఎక్కడివి అక్కడే ఉన్నాయి కాబట్టి నేను పనిచేస్తున్న సీన్ వరకు అంతా బాగానే కనిపించింది. చివర్లో ఒకసారి మొత్తం చూసుకునేటప్పటికి అన్‌డూ కూడా అంత వెనక్కి వెళ్లలేదు. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

అందుకే ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు అన్నిటికంటే విలువైనది ఒక చిన్న తాళం. విండోస్‌లో కంట్రోల్, మ్యాక్‌లో కమాండ్ నొక్కి పట్టుకుని షఫుల్ బటన్ మీద క్లిక్ చేయండి. బటన్ మీద తాళం బొమ్మ వస్తుంది. ఇక ఎఫ్1 పొరపాటున తగిలినా షఫుల్‌లోకి వెళ్లదు. డబ్బింగ్ చేసేవాళ్లు, సినిమా సౌండ్ చేసేవాళ్లు, సెషన్, అంటే ప్రాజెక్ట్ ఫైల్, తెరవగానే మొదట ఈ పని చేయండి. అయితే షఫుల్ చెడ్డదని నేననను. రేడియో ఇంటర్వ్యూలో, పాడ్‌కాస్ట్‌లో "అంటే... అదీ..." లాంటివి తీసేసి మాటల్ని దగ్గరికి జరపాలంటే దానికి మించినది లేదు. బొమ్మకి కట్టుబడిన పనిలో మాత్రం వద్దు.

నేను రోజంతా ఉండేది స్లిప్‌లోనే. క్లిప్‌ని ఎక్కడికి జరిపితే అక్కడే ఉంటుంది, పక్కవి కదలవు. ఇక్కడ దగ్గరగా చూడండి. ఈ డైలాగు "పాపం, అమ్మ ఏం చేస్తుంది". ప, మ పలకాలంటే పెదాలు మూసుకోవాలి. తమిళ నటి పెదాలు మూసిన ఫ్రేమ్‌లోనే ఈ "మ్మ" పడాలి, మిగతా అక్షరాలు కాస్త అటూ ఇటూ ఉన్నా కన్ను ఒప్పుకుంటుంది. క్లిప్‌ని ఎంచుకుని, నడ్జ్ విలువ, అంటే ఒక్కో నొక్కుకి క్లిప్ ఎంత జరగాలో, అది ఒక ఫ్రేమ్ పెట్టుకుని, నంబర్ ప్యాడ్‌లో ప్లస్, మైనస్ కొడుతూ కూర్చోబెడతాను. నంబర్ ప్యాడ్ లేని ల్యాప్‌టాప్‌లో ఒక్కో కీ షార్ట్‌కట్‌గా పనిచేసే కీబోర్డ్ ఫోకస్ ఆన్ చేసుకుంటే కామా, ఫుల్‌స్టాప్ అదే పని చేస్తాయి. మౌస్‌తో లాగడం కంటే ఇదే నమ్మకం.

స్పాట్ మోడ్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. క్లిప్ మీద గ్రాబర్‌తో, అంటే క్లిప్‌ని పట్టుకునే చెయ్యి టూల్‌తో, క్లిక్ చేస్తే టైమ్‌కోడ్, అంటే గంట, నిమిషం, సెకను, ఫ్రేమ్ లెక్క, అడుగుతుంది, కొట్టేస్తే సరిగ్గా అక్కడ కూర్చుంటుంది. రికార్డింగ్ అప్పటి టైమ్‌స్టాంప్ ఫైల్‌లో ఉంటే, ఎక్కడికో జరిగిపోయిన క్లిప్‌ని తిరిగి సొంత చోటికి పంపడానికి ఇదే దిక్కు.

గ్రిడ్ పాటల వాళ్లది, క్లిప్‌లు బీట్ గీతల లెక్కన జరుగుతాయి. అందులో రెండు రకాలున్నాయి, అబ్సల్యూట్, రిలేటివ్, ఎఫ్4 మళ్లీ కొడితే మారుతుంది. ఒక డప్పు దెబ్బ బీట్ కంటే 15 మిల్లీసెకన్లు వెనక పడింది అనుకోండి, ఆ వెనక పడటంలోనే ఆ పాట నడక ఉంది. అబ్సల్యూట్‌లో జరిపితే క్లిప్ మొదలు వెళ్లి గీతకి అతుక్కుంటుంది, ఆ నడక పోతుంది. రిలేటివ్‌లో అయితే తర్వాతి బార్‌కి జరిపినా ఆ 15 అలాగే ఉంటుంది. పల్లె పాటలు ప్రోగ్రామింగ్ చేసే మిత్రులు దయచేసి రిలేటివ్ వాడండి.

ఇక టూల్స్. ఎఫ్5 జూమర్, ఎఫ్6 ట్రిమ్, ఎఫ్7 సెలెక్టర్, ఎఫ్8 గ్రాబర్, ఎఫ్9 స్క్రబ్బర్, ఎఫ్10 పెన్సిల్. విడివిడిగా మార్చుకుంటూ కూర్చుంటే చెయ్యి నొప్పి తప్ప పని కాదు, స్మార్ట్ టూల్ పెట్టేయండి. ఎఫ్6, ఎఫ్7 కలిపి నొక్కితే చాలు. ఇప్పుడు ఈ క్లిప్ మీద బాణం ఎక్కడుందో చూడండి. పై సగంలో ఉంటే కావలసిన భాగం ఎంచుకునే సెలెక్టర్, కింది సగంలోకి దిగితే చెయ్యి బొమ్మ, అంటే గ్రాబర్. అంచుకి వెళ్తే క్లిప్ పొడవు తగ్గించే, పెంచే ట్రిమ్, పై మూలకి వెళ్తే సౌండ్ మెల్లగా పెరిగే, తగ్గే ఫేడ్. రెండు క్లిప్‌లు కలిసే చోట కింది మూలకి దిగితే ఒకటి తగ్గుతూ ఇంకోటి పెరిగే క్రాస్‌ఫేడ్. రెండు రోజులు చిరాకు పెడుతుంది, ఆ తర్వాత వదల్లేరు. ట్రాక్ ఎత్తు మరీ తక్కువ పెట్టుకుంటే మాత్రం పై సగం, కింది సగం తేడా చేతికి దొరకదు, కాస్త పెంచుకోండి.

రీపర్ అనే ఇంకో ఆడియో సాఫ్ట్‌వేర్ వాడే వాళ్లు కామెంట్లలో అడుగుతారు కాబట్టి చెప్తున్నా. అందులో విడి టూల్స్ లేవు, మౌస్ మాడిఫయర్స్ అనే పేజీలో ఏ కీతో లాగితే ఏం జరగాలో మీరే రాసుకోవచ్చు. షఫుల్‌కి దగ్గరగా రిపుల్ ఎడిటింగ్ ఉంది, ఆల్ట్ పీ కొడితే మారుతుంది: ఆఫ్, ఒక ట్రాక్, అన్ని ట్రాక్‌లు. అన్ని ట్రాక్‌లు కలిసి జరగడం పాడ్‌కాస్ట్‌కి చాలా హాయి. 60 రోజులు వాడి చూడొచ్చు, తగ్గింపు లైసెన్స్ 60 డాలర్లు. ఇంట్లో సొంత పాటలు చేసుకునేవాళ్లకి నేను రీపరే చెప్తాను. కానీ కోడంబాక్కం, వడపళని చుట్టుపక్కల డబ్బింగ్ పని వెతుక్కుంటుంటే ప్రో టూల్స్ రావాలి, సెషన్లు అందులోనే చేతికొస్తాయి. డబ్బులు లేవని ఆగకండి, ప్రో టూల్స్ ఇంట్రో ఉచితం, ఆడియో ట్రాక్‌లు ఎనిమిదే ఇస్తుంది గానీ చెయ్యి అలవాటు చేసుకోవడానికి అది చాలు. ఒక డైలాగు రికార్డ్ చేసుకుని, షఫుల్‌కి తాళం వేసి, స్లిప్‌లో పెట్టి, ఆ "మ్మ" ఒక్కటి పెదాలకి కూర్చోబెట్టి చూడండి. కుదరకపోతే కింద రాయండి, ఏ ఫ్రేమ్‌లో తప్పుతోందో కూడా రాయండి, చూసి చెప్తాను.