హెల్ప్ తెరిచేది కాంటా గదిలో

అందరికీ నమస్తే. ఆదివారం పొద్దున నల్లగొండలో హెల్ప్ డాక్యుమెంటేషన్, అంటే సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే పేజీలు రాయడం, అనే మాట విని కూడా ఇంతమంది వచ్చారు, చాయ్ చల్లారకముందే మొదలుపెడతా.

కొన్నేళ్ల కింద మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో వాడే కాంటా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి తెలుగులో హెల్ప్ రాసే పని నా మీద పడింది. ఏ టూల్ సరిపోతుందని ఆలోచించకుండా, చేతికి అలవాటైన సీహెచ్ఎం ఫైల్, అంటే విండోస్ పాతకాలపు హెల్ప్ ఫైల్, చేసేశా. పేజీలు బాగానే వచ్చాయి, ఎడమవైపు విషయసూచికలో మాత్రం వరసగా ప్రశ్నార్థకాలు. ఆ ఫార్మాట్ 1997 నాటిది, దాని సూచిక అన్ని భాషల అక్షరాలూ ఉండే యూనికోడ్ మీద కాదు, ఒక్కో భాషకి ఒక్కోటిగా ఉండే పాత అక్షరాల పట్టికలు, అదే కోడ్ పేజీల మీద నడుస్తుంది, విండోస్‌లో తెలుగుకి అలా వాడుకునే కోడ్ పేజీ లేదు. సరే, సూచిక ఇంగ్లీషులో పెట్టి మెయిల్ చేశానా, గుమాస్తా ఫోన్: "సార్, అంతా తెల్లగుంది." నెట్ నుంచి వచ్చిన ఫైల్ కదా అని విండోస్ లోపలి పేజీలు ఆపేసింది. ప్రాపర్టీస్‌లోకి వెళ్లి అన్‌బ్లాక్ టిక్ పెట్టించడానికి అరగంట పట్టింది, అవతల కాంటా మీద వడ్ల లారీ.

అందుకే "అన్నా, హెల్ప్ రాసే టూల్ ఏది కొనాలె" అని ఎవరైనా అడిగితే, ఫీచర్ల సంగతి తర్వాత, చదివే మనిషి ఏ కంప్యూటర్ ముందు కూర్చుంటాడో చెప్పమంటా. కాంటా గదిలో నెట్ ఉండదనుకోండి. ఎంకేడాక్స్ అనే ఉచిత టూల్‌తో చేసిన సైట్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తే, సెట్టింగ్ సరిచేసుకుంటే పేజీలు తెరుచుకుంటాయి కానీ మామూలుగా సెర్చ్ పనిచేయదు, సెర్చ్‌కి కావాల్సిన ఫైల్‌ని బ్రౌజర్ చదవనివ్వదు. స్ఫింక్స్ అనే ఇంకో టూల్‌లో ఆ ఇబ్బంది లేదు, 2008లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష డాక్యుమెంట్ల కోసం పుట్టింది, ఉచితం, కాకపోతే దాని సెర్చ్ భాషల జాబితాలో తెలుగు లేదు, అంటే తెలుగు మాటకి చివర ఏదైనా చేరితే పట్టుకుంటుందన్న నమ్మకం లేదు. ఇక ఫ్లేర్, రోబోహెల్ప్ లాంటి డబ్బు పెట్టి కొనే టూల్స్ ఒకే మూలం నుంచి పీడీఎఫ్, వెబ్ రెండూ తీస్తాయి, పది రకాల ప్రొడక్టులున్న కంపెనీకి డబ్బు గిట్టుబాటవుతుంది, మనలాంటి ఇద్దరు ముగ్గురి ఆఫీసుకి లైసెన్సే భారం.

ఇంకో సంగతి, రేపు మీరు ఉద్యోగం మారితే ఆ పేజీ దిద్దేదెవరు? మా దగ్గర ట్రైనింగ్ ఇచ్చే తమ్ముడికి గిట్, అంటే ఫైళ్లలో ఎవరు ఏం మార్చారో దాచిపెట్టే ప్రోగ్రామర్ల టూల్, అంటే భయం, వర్డ్ లాంటిది అయితే చకచకా కొడతాడు. టూల్ ఖాయం చేసేముందు ఒక పేజీ అతనితోనే మార్పించి చూస్తా.

చివరికి నేను చేసిందేమంటే, సెర్చ్‌ని నమ్ముకోకుండా తరుగు, తేమ, నూక, తౌడు అని గుమాస్తా నోట వచ్చే మాటలతోనే ఒక సూచిక పేజీ చేత్తో రాసి మొదట్లో పెట్టా. "తరుగు" అని వెతికితే "తరుగులో" ఉన్న పేజీ వస్తుందా లేదా అన్నది ట్రయల్ వెర్షన్‌లోనే తేలిపోతుంది. ల్యాప్‌టాప్ తెచ్చినవాళ్లు ముందుకు రండి, మీ పేజీ ఒకటి పెట్టి ఇప్పుడే చూద్దాం.