డోలు సన్నాయి రికార్డింగుకి ఏ రికార్డర్ తీసుకోవాలి?

నమస్కారమండీ. ఊళ్లు తిరుగుతూ గుడి ఉత్సవాల్లో డోలు సన్నాయి మేళం రికార్డు చేసుకునేవాళ్ల కోసం ఈ వీడియో. ఇప్పుడు రికార్డర్ కొనబోయే ప్రతివాళ్లూ ముందు అడిగేది "32 బిట్ ఫ్లోట్ ఉందా?" అనే. బాగా మెల్లని సిగ్నల్‌నీ బాగా గట్టి సిగ్నల్‌నీ ఫైల్లో పట్టే రికార్డింగు పద్ధతి అది. అదుంటే లెవెల్ (రికార్డింగు ఎంత గట్టిగా ఎక్కాలన్నది) చూసుకోనక్కర్లేదు, సౌండ్ పగలదు అనుకుంటారు. సగమే నిజం.

32 బిట్ ఫ్లోట్ కాపాడేది మైకు దాటాక వచ్చే సిగ్నల్‌ని. దెబ్బకి మైకే ఆగలేకపోతే ఫైల్లోకి ఎక్కేది పగిలిన శబ్దమే. తర్వాత వాల్యూమ్ తగ్గిస్తే ఆ పగులే చిన్నగా వినిపిస్తుంది. అందుకని కొనేముందు 'మాక్సిమమ్ ఎస్‌పీఎల్', అంటే మైకు పగలకుండా తట్టుకోగల గరిష్ఠ శబ్దం, ఎంతో చూడండి. జూమ్ హెచ్1 ఎసెన్షియల్‌లో 32 బిట్ ఫ్లోట్ ఉంది, కానీ మైకులు 120 డెసిబెల్స్ వరకే. పాత జూమ్ హెచ్5 24 బిట్టే, అంటే లెవెల్ మనమే చూసుకోవాలి, దాంతో వచ్చే మైకు మాత్రం 140 దాకా ఆగుతుంది. డోలుకి దగ్గరగా నిలబడి తీసేవాళ్లకి మేం చెప్పేది హెచ్5.

హెచ్1 ఇప్పటికే కొనేశారా? ఏం పర్లేదు, వెనక్కి జరగండి. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మీటరు దూరం నుంచి నాలుగు మీటర్లకి వెళ్తే 12 తగ్గినట్టే.

ఎక్కడ నిలబడతారన్నదీ ముఖ్యమే. డోలుకి ఒకవైపు పుల్ల పడుతుంది, రెండోవైపు తొడుగులు వేసుకున్న వేళ్లు పడతాయి. ఒక పక్కకి చేరితే ఒక మొహమే వినిపిస్తుంది. వాయించేవారికి ఎదురుగా ఉంటే రెండూ సమంగా పడతాయి. సన్నాయి గరాటు మాత్రం సూటిగా మైకు మీదికి రాకుండా చూసుకోండి, చెవిలో గుచ్చినట్టుంటుంది.

24 బిట్ వాళ్లు చేసే తప్పు ఒకటుంది. రాగాలాపన నడుస్తుండగా లెవెల్ పెట్టేసి వదిలేస్తారు. హారతి వేళ గట్టిమేళం అందుకోగానే మీటరు ఎరుపెక్కి కూర్చుంటుంది. ఆలాపనలో మీటరు మైనస్ 20 డెసిబెల్స్ దగ్గర ఉంచండి, గట్టిమేళానికి చోటు మిగులుతుంది. రికార్డరే లెవెల్ మార్చేసే ఆటో లెవెల్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే డోలు దెబ్బ పడ్డప్పుడల్లా సన్నాయి కిందికి పోయి మెల్లగా పైకొస్తుంది.

గాలికి ఫోమ్ తొడుగు చాలదు, బొచ్చు తొడుగు వేయాల్సిందే. కింది స్థాయి మోతని కోసేసే లో కట్‌ని 80 హెర్ట్జ్ దాటించొద్దు, డోలు గుమికి (లోతైన మోత) పోతుంది.

24 బిట్, 48 కిలోహెర్ట్జ్ స్టీరియోకి గంటకి దాదాపు 1 జీబీ పడుతుంది, 32 బిట్‌కి 1.4. రీచార్జబుల్ సెల్స్ వేస్తే మెనూలో బ్యాటరీ రకం మార్చండి, లేదంటే చార్జ్ తప్పు చూపిస్తుంది. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉంచండి, లేదంటే రికార్డర్ పక్కన ఉన్నప్పుడు దాని సిగ్నల్ బర్రుమని రికార్డింగులో దూరుతుంది. మేళం ఆగాక స్టాప్ నొక్కి, ఫైల్ సేవ్ అయిందని చూశాకే సెల్స్ తీయండి.