కాల్లో ముల్లు, తలలో కబురు

[దృశ్యం: ఉద్దానం, కవిటి వైపు జీడితోట. ఎండుటాకుల మీద చెప్పుల్లేని కాళ్లు.]

జీడిపిక్కలు ఏరుతున్నారు. కుడికాలి బొటనవేల్లో ముల్లు దిగింది. "అబ్బా!" అని కాలెత్తేశారు. కాలెత్తమన్నది మెదడు కాదు. దానికి కబురు అందకముందే వెన్నుపాము ఆ పని చేయించేసింది.

ఇంకోటి చూడండి. నొప్పి రెండుసార్లు వస్తుంది. ముందు చురుక్కుమంటుంది, కాసేపటికి సలుపు మొదలవుతుంది. చురుకును మోసే నాడీతంతువులకు మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. వాటిలో కబురు సెకనుకు 5 నుంచి 30 మీటర్లు పోతుంది. సలుపును మోసేవాటికి ఆ పొర లేదు, సెకనుకు 2 మీటర్లు దాటవు. వేలి నుంచి వెన్నుపాము దాకా దాదాపు మీటరు దూరం. ఆలస్యం అందుకే.

[యానిమేషన్: వెన్నుపాము. పక్కనే హైవే మ్యాపు.]

వెన్నుపాము పొడవు పెద్దవాళ్లలో సుమారు 45 సెంటీమీటర్లు. పేరుకే పాము, వెన్నెముక చివరిదాకా కూడా రాదు. దాన్నుంచి 31 జతల నాడులు బయటికొస్తాయి.

ఇప్పుడు మన కాలు ఇచ్ఛాపురం, మెదడు విశాఖపట్నం అనుకుందాం. కబురు రోడ్డుకు కుడిపక్కన బయల్దేరింది. నొప్పి కబురుకు ఆత్రం ఎక్కువ. వెన్నుపాములోకి రాగానే ఇంకో నాడీకణం చేతికి అందుతుంది, కంచిలి దగ్గరే ఎడమపక్కకు దాటేస్తుంది. వేడి, చల్లదనం కూడా దీంతోనే. అక్కణ్నుంచి పైదాకా ఎడమపక్కే.

సున్నితమైన స్పర్శ, కంపనం, కాలు ఏ భంగిమలో ఉందన్న కబురు మాత్రం అలా చేయవు. పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం... అన్నీ కుడిపక్కనే దాటుకుంటూ భోగాపురం దాకా వస్తాయి. మన శరీరంలో ఆ భోగాపురం పేరు మజ్జాముఖం, అంటే మెదడు కింది కొస. కణం మారడం, పక్క మారడం రెండూ అక్కడే. అంటే కాలివేలి నుంచి అక్కడిదాకా ఒకే ఒక్క కణం! మీటరుకు పైగా పొడవున్న కణం. మొదటిసారి చదివినప్పుడు నేను అచ్చుతప్పేమో అనుకున్నాను.

చివరికి రెండు కబుర్లూ మెదడు లోతున కబుర్లు అందుకునే కేంద్రమైన ఎడమ థాలమస్‌లో మరోసారి కణం మారి, మెదడు పైపొరకు చేరతాయి. కాలి వాటా నడినెత్తి కింద, మెదడు రెండు సగాల మధ్య గాడిలో ఉంటుంది.

ఈ దారులు ఎలా కనుక్కున్నారు? 1850లో శాస్త్రవేత్త అగస్టస్ వాలర్ కప్ప నాలుకకు వెళ్లే నాడులు కోసి చూశాడు. కణం నుంచి తెగిపోయిన ముక్క క్రమంగా చెడిపోయింది. తర్వాతివాళ్లు అలా చెడిన తంతువులకు రంగు పట్టించి, వాటి జాడను మెదడు దాకా వెతుక్కుంటూ పోయారు.

[దృశ్యం: బల్ల మీద గుండుసూది, ట్యూనింగ్ ఫోర్క్.]

డాక్టరు కాలికి ఒకసారి సూది ఆనించి, ఒకసారి మోగే ఫోర్క్ ఆనించేది ఏ దారి మూసుకుపోయిందో చూడ్డానికే. వెన్నుపాము కుడి సగం మాత్రమే తెగిందనుకోండి. దీన్ని వివరించిన వైద్యుడు బ్రౌన్-సెకార్డ్ పేరే ఆ స్థితికి పెట్టారు. కుడికాలు చచ్చుబడుతుంది, ఫోర్క్ కంపనం దానికి తెలియదు, కళ్లు మూసుకుంటే అది ఎటు వంగి ఉందో చెప్పలేరు. ముల్లు దిగితే మాత్రం చురుక్కుమంటుంది. ఎడమకాలు మామూలుగా నడుస్తుంది. దానికి ముల్లు దిగినా నొప్పి తెలియదు.