నెలకు 73 డాలర్ల 13 సెంట్లు

(నార్త్ కరోలినాలో తెలుగువారి నెలవారీ సాహిత్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, ఈ హాలు ఇప్పించిన మిత్రులకు, తెల్లవారకముందే లేచి పులిహోర కలిపి తెచ్చిన అమ్మలకు, పిల్లలను వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకు పేరుపేరునా నమస్కారం. పిల్లలు అల్లరి చేస్తే చేయనివ్వండి, బయటికి తీసుకుపోవద్దు. నేను చెప్పబోయేది కూడా ఒక పిల్ల గురించే.

‘వంశవృక్షం తయారు చేసుకోవడం ఎలా’ అనే విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. నాకు తెలిసిన విద్య ఒక్కటే, పింఛను కాగితం చదవడం. ఆంధ్రలో ట్రెజరీ కార్యాలయాల్లో 31 ఏళ్లు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం పింఛన్ల సెక్షన్‌లోనే. ఇక్కడ మా అమ్మాయి దగ్గరికి వచ్చాక వారానికి రెండు రోజులు గ్రంథాలయంలో వంశ చరిత్రల గదిలో కూర్చుని, వచ్చినవారికి పాత కాగితాలు చదివి పెడుతున్నాను. కాబట్టి ఒక పింఛను చరిత్ర చెబుతాను. ఈ రాష్ట్రంలోనే, ఇక్కడికి కొద్ది గంటల ప్రయాణంలో ఉన్న విల్క్స్ కౌంటీలో జరిగింది.

2020 మే 31న విల్క్స్‌బరోలోని ఒక సంరక్షణాలయంలో ఐరీన్ ట్రిప్లెట్ అనే ఆవిడ తన 90వ ఏట చనిపోయారు. తుంటి ఎముక విరిగింది, శస్త్రచికిత్స చేశారు, కోలుకోలేదు. ఆవిడకు అమెరికా ప్రభుత్వం నెలనెలా 73 డాలర్ల 13 సెంట్లు పింఛను ఇచ్చేది. తండ్రి అంతర్యుద్ధంలో సైనికుడు. 1865లో ముగిసిన యుద్ధం! 155 ఏళ్ల తరువాత కూడా దాని తాలూకు ఒక పింఛను ఖాతా నడుస్తూనే ఉంది. ఆవిడే చివరి పింఛనుదారు.

ఆ వార్త చదివాక నాకు ఆ రోజు వేరే పని సాగలేదు. తండ్రి కాన్ఫెడరేట్ సైన్యంలో చేరినవాడని అందులో రాశారు. బానిసత్వాన్ని కాపాడుకోవడానికి దేశం నుంచి విడిపోయిన 11 రాష్ట్రాల సైన్యం అది. తన మీదనే తుపాకీ ఎత్తిన సైన్యంవాడి కుటుంబానికి అమెరికా ప్రభుత్వం పింఛను ఎలా మంజూరు చేసింది? ఫైలులో ఏదో తిరకాసు ఉండాలి. ముప్పై ఏళ్ల అలవాటు ఊరుకోనివ్వదు కదా. వెతకడం మొదలుపెట్టాను.

ఇక్కడ ఒక మాట. మా గదికి వచ్చేవారిలో చాలామంది ‘మా ముత్తాత ఏ దళంలో పోరాడాడు, ఎక్కడ గాయపడ్డాడు’ అని అడుగుతారు. దళం నంబరు దొరికితే చాలు, సంతోషంగా లేచి వెళ్లిపోతారు. నాకు మనసు ఉసూరుమంటుంది. నేషనల్ ఆర్కైవ్స్‌లో దొరికే ఆ సర్వీసు కార్డులు యుద్ధకాలంలో రాసినవి కావండీ. చేజిక్కిన హాజరు పట్టీలు, ఆస్పత్రి రిజిస్టర్లు, ఖైదీల జాబితాలు ముందు పెట్టుకుని, 1903 నుంచి వాషింగ్టన్‌లో యుద్ధశాఖ గుమస్తాలు ఒక్కో మనిషికి విడిగా ఎత్తి రాసినవి. హాజరు, గైరుహాజరు, ఆస్పత్రి, పరారీ. ఆ మాటలు రాసిన గుమస్తాల మీద నాకు గౌరవమే, నేనూ ఆ జాతివాడినే. కానీ అందులో భార్య ఉండదు, పిల్లలు ఉండరు, ఇంటి పొయ్యి ఉండదు.

అవన్నీ పింఛను దరఖాస్తులో ఉంటాయి. కాన్ఫెడరేట్ సైనికులకు 1958 వరకు కేంద్ర ప్రభుత్వం ఇవ్వలేదు, రాష్ట్రాలే ఇచ్చాయి. నార్త్ కరోలినా 1885లో అవయవాలు పోయినవారికి, వితంతువులకు పింఛను చట్టం చేసింది. 1901లో దాన్ని ఇంకా విస్తరించింది. ఆ దరఖాస్తులు రాష్ట్ర రాజధాని రాలీలో రాష్ట్ర ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. గుండు ఎక్కడ తగిలింది, ఏ పని చేయలేకపోతున్నాడు, ఆస్తి ఎంత, సాక్షులెవరు, వితంతువైతే పెళ్లెప్పుడైంది, అన్నీ ఉంటాయి. పైగా 1890 జనాభా లెక్కల పత్రాలు 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్ని ప్రమాదంలో బాగా దెబ్బతిని, తరువాత దాదాపు పూర్తిగా నాశనమయ్యాయి. 1880 తరువాత మళ్లీ 1900 వరకు ఇంటింటి వివరం లేదు. ఆ ఇరవై ఏళ్లలో ఒక ముసలి సైనికుడి ఇంట్లో ఎవరు పుట్టారో, ఎవరు పోయారో తెలుసుకోవడానికి చాలాసార్లు పింఛను కాగితమే దిక్కు.

1910 లెక్కల్లో 30వ గడి ఒకటుంది. అంతర్యుద్ధంలో బతికి బయటపడినవారికి ఆ గడిలో రెండక్షరాలు రాసేవారు. యూనియన్, అంటే కేంద్ర ప్రభుత్వ సైన్యమైతే ‘యు.ఏ.’, కాన్ఫెడరేట్ అయితే ‘సి.ఏ.’. మా గదిలో ఆ రెండక్షరాలు కనబడగానే ఏడ్చినవారిని చూశాను. అదే మనుషులకు 1860 నాటి బానిసల జాబితా తీసి చూపించినప్పుడు కొందరు ముఖం తిప్పుకోవడం కూడా చూశాను. ఆ జాబితాలో యజమాని పేరు ఉంటుంది. కింద వయసు, ఆడా మగా, రంగు. పేరు ఉండదు. అప్పటికి దేశంలో దాదాపు 40 లక్షల మంది బానిసలు. వారి మనవలు వచ్చి 1870 నుంచి వెనక్కి వెళ్లలేక ఆగిపోతారు, ఎందుకంటే బానిసత్వం నుంచి విడుదలైనవారికి లెక్కల్లో పేరంటూ దక్కింది ఆ ఏడాదే. కాన్ఫెడరేట్ ముత్తాత కోసం వెతికేవాళ్లు ఈ రెండో కాగితం కూడా తీయాలి. తీయనిది వంశ చరిత్ర కాదు. ఇది నేను ఎవరి మొహం మీదైనా చెబుతాను.

సరే, ట్రిప్లెట్ దగ్గరికి వస్తాను.

మోస్ ట్రిప్లెట్ 1862 మే నెలలో 16 ఏళ్ల వయసులో 53వ నార్త్ కరోలినా పదాతి దళంలో చేరాడు. మరుసటి జనవరిలో 26వ దళానికి మారాడు. 1863 వేసవిలో ఆ దళం గెటిస్‌బర్గ్ వైపు నడుస్తుండగా జబ్బు పడ్డాడు. వర్జీనియాలో డాన్‌విల్ ఆస్పత్రిలో చేర్చారు. అక్కడి నుంచి పారిపోయాడు. ఆయన వదిలివచ్చిన 26వ దళంలో సగానికి పైగా సైనికులు గెటిస్‌బర్గ్ యుద్ధంలో మొదటిరోజునే చనిపోవడమో గాయపడడమో జరిగింది. 1864లో ఆయన టెనెస్సీ చేరుకుని, యూనియన్ తరఫున కర్నల్ జార్జి కర్క్ నడిపిన 3వ నార్త్ కరోలినా మౌంటెడ్ ఇన్‌ఫాంట్రీలో, అంటే గుర్రాల మీద తిరిగే పదాతి దళంలో చేరాడు. 1865 ఆగస్టులో సగౌరవంగా విడుదలయ్యాడు.

అదీ తిరకాసు. కాన్ఫెడరేట్‌గా రాష్ట్రం పింఛను ఆయనకు రాదు, పరారైనవారికి చట్టం ఒప్పుకోదు. యూనియన్ సైనికుడిగా కేంద్రం పింఛను వస్తుంది. రెండు సైన్యాల కాగితాల్లోనూ ఒకే మనిషి. ఒకదాంట్లో ద్రోహి, ఇంకొకదాంట్లో అర్హుడు. విల్క్స్ కౌంటీ కొండల్లో కర్క్ మనుషుల పేరు చెబితే పళ్లు కొరికేవాళ్లు యుద్ధం తరువాత చాలాకాలం ఉన్నారు. ఆ ఊళ్ల మధ్యనే ఈయన మరో 73 ఏళ్లు బతికాడు. ఆయన సమాధి రాయి మీద అంతర్యుద్ధ సైనికుడని మాత్రం చెక్కారు. ఏ పక్షమో చెక్కలేదు.

మొదటి భార్య పోయాక 1924లో, 78 ఏళ్ల వయసులో, ఎలైడా హాల్ అనే ఆవిడను పెళ్లాడాడు. ఆవిడ ఆయన కంటే దాదాపు 50 ఏళ్లు చిన్న. ఇక్కడ నవ్వుకోవద్దని వేడుకుంటున్నాను. కొండ ప్రాంతంలో కటిక పేదరికం. నెలనెలా కచ్చితంగా వచ్చే డబ్బు ముసలి సైనికుడి పింఛను ఒక్కటే. ఆర్కన్సాలో మాడీ హాప్కిన్స్ అనే ఆవిడ 1934లో తన 19వ ఏట 86 ఏళ్ల కాన్ఫెడరేట్ సైనికుణ్ణి చేసుకుని, ఆ సంగతి ఎన్నో దశాబ్దాలు బయటికి చెప్పుకోలేకపోయింది. ఎందుకు చేసుకున్నారని అడిగే ముందు ఆ ఇంట్లో ఆ పూట ఏం వండారో అడగాలి.

ఎలైడాకు ఐదుగురు పుట్టారు, ముగ్గురు పసితనంలోనే పోయారు. 1930 జనవరిలో ఐరీన్ పుట్టేసరికి తండ్రికి 83 ఏళ్లు. ఐరీన్‌కు మానసిక వైకల్యం ఉంది, తల్లికీ ఉంది. బడిలో ఉపాధ్యాయులూ, ఇంట్లో అమ్మానాన్నలూ కొట్టేవారని పెద్దయ్యాక ఆవిడే చెప్పారు. 1938 జూలైలో గెటిస్‌బర్గ్‌లో ఆ యుద్ధం 75వ వార్షికోత్సవానికి రెండు పక్షాల నుంచీ 1,800 మందికి పైగా ముసలి సైనికులు వెళ్లారు. వారిలో మోస్ ఉన్నాడు. ఇంటికి తిరిగి వచ్చాక ఆ నెల 18న చనిపోయాడు. 1943లో తల్లీకూతుళ్లు కౌంటీ నడిపే నిరుపేదల ఇంటికి చేరారు. ఐరీన్‌కు అప్పుడు 13 ఏళ్లు. 1960లో అక్కడి నుంచి సంరక్షణాలయానికి మార్చారు. 1967లో తల్లి పోయింది. చిన్నతనం నుంచే స్వయంగా బతకలేని సంతానం కింద ఐరీన్‌కు పింఛను కొనసాగింది, 2020 వరకు.

అయ్యా, ఇక్కడ నేను వేరే మాట చెప్పక తప్పదు. మన్నించాలి.

ఒక పట్టణంలో నేను పింఛన్లు చూస్తున్న రోజులు. ఒకావిడ తన కూతురిని తీసుకుని వచ్చింది. భర్త ఉద్యోగి, పోయాడు. ఆవిడకు కుటుంబ పింఛను వస్తోంది. తన తరువాత ఈ పిల్లకు వచ్చేలా ముందుగానే పేరు ఎక్కించమని అడగడానికి వచ్చింది. పిల్ల అంటే పాతికేళ్లు. మాట రాదు. కార్యాలయం మేడ మీద. తల్లి వెనక నుంచి నడుము పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కించింది. కాగితం మీద పిల్ల వేలిముద్ర కావాలి. ఇంకు ప్యాడు జరిపాను. ఆ పిల్ల పిడికిలి బిగించింది. తల్లి బల్ల పక్కన కూర్చుని, చిటికెన వేలు నుంచి మొదలుపెట్టి ఒక్కో వేలూ విప్పేది. బొటనవేలి దగ్గరికి వచ్చేసరికి మిగతావి మళ్లీ మూసుకునేవి. వెనక వరుస పెరుగుతోంది. ఎవరో విసుక్కున్నారు. చివరికి ముద్ర పడింది, కొంచెం అలుక్కుంది. ఆ ఫైలు మీద పైనుంచి కొర్రీ పడింది. వేలిముద్ర స్పష్టంగా లేదు, వైద్య ధ్రువపత్రం పాతది, కొత్తది తేవాలి అని. పుట్టుకతో వచ్చిన వైకల్యానికి పాత పత్రమేమిటి, కొత్త పత్రమేమిటి? ఆ కొర్రీని టైపు చేసి పంపింది నేనే. సంతకం పెట్టింది మరొకరు. అక్షరాలు నావి.

ఈ సభలో యాభై అరవై మంది ఉన్నారు. మనలో ఎంతమందికి ఊళ్లో అలాంటి తమ్ముడో, చెల్లెలో, మేనకోడలో ఉన్నారో నాకు తెలియదు. ఎవరూ చేతులెత్తనక్కర్లేదు. నాన్నగారిది ప్రభుత్వ ఉద్యోగమైతే ఈ రాత్రే ఫోను చేయండి. ఆ బిడ్డ పేరు పింఛను పుస్తకంలో ఉందా లేదా చూడమనండి. లేకపోతే నాన్న, అమ్మ బతికి ఉండగానే ఎక్కించండి. ఇద్దరూ పోయాక అదే కాగితం కోసం పదిచోట్ల తిరగాలి. తిరిగేది ఆ బిడ్డ కాదు, ఆ బిడ్డకు తిరగడం రాదు. ఇది అడగడానికే ఈరోజు ఇక్కడికి వచ్చాను. వంశవృక్షం అంటే ఎవరి పేర్లు రాస్తారు? పెళ్లయి పిల్లలున్నవారికి కొమ్మలు గీస్తాం. ఐరీన్ లాంటి మనిషి దగ్గర గీత ఆగిపోతుంది కాబట్టి చాలా ఇళ్లలో ఆ పేరే వదిలేస్తారు. విల్క్స్ కౌంటీలో ఒక పరారీ సైనికుడి పేరు ఈవేళ ప్రపంచానికి తెలిసిందంటే కారణం ఆయన పోరాటం కాదు. ఆయన కూతురికి ప్రతి నెలా ఎవరో ఒక గుమస్తా 73 డాలర్ల 13 సెంట్లకు కాగితం సిద్ధం చేయడమే.

సమయం అయిపోయిందని అధ్యక్షులవారు చూస్తున్నారు. వంశవృక్షం పత్రాల నమూనాలు వెనక బల్ల మీద పెట్టాను. 1910 లెక్కల పేజీ నకలు, 1860 బానిసల జాబితా నకలు కూడా ఉన్నాయి. రెండూ చూసి వెళ్లండి.

ఆ పిల్ల ఫైలు ఏమైందని ఇప్పుడే ముందు వరుసలో అమ్మ అడిగారు. మంజూరైంది. 14 నెలలు పట్టింది. అప్పటికి తల్లి లేదు. మేనమామ ఆటోలో తీసుకువచ్చాడు. ఈసారి మేడ ఎక్కించలేదు, నేనే ఇంకు ప్యాడు పట్టుకుని కిందికి దిగాను. ఆటోలోనే కూర్చోబెట్టి, మేనమామ చిటికెన వేలి నుంచి మొదలుపెట్టాడు. అరగంట పట్టింది. ఆటో అతను ఇంజను ఆపేసి, దిగి పక్కన నిలబడ్డాడు.